కోటిరత్నం వేసిన అతుకు

మంగళగిరి నేతవీధుల్లో కోటిరత్నం ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపించేముందు మాత్రం ఒక ప్రశ్న వేస్తారు: "పడుగు పనికా, పక్షి పనికా?" పడుగు పనికైతే వీధి గుమ్మం, పక్షి పనికైతే పెరటి గుమ్మం. రెండు వేల ఎనిమిది నాటికి ఈ పద్ధతి ఊరందరికీ అలవాటైపోయింది. నల్లపాడు నుంచి ఒక రైతు, మిరపచేను చుట్టూ వేసిన ముళ్ళకంచెలో చిక్కిన గుడ్లగూబను తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. దానికి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు పెదకాకాని దాకా ఆలోచించి, చివరికి "కోటిరత్నం గారింటికేగా, కూర్చోండి" అన్నాడు. పత్తిచేలో మందు తగిలిన పురుగులను ఏరుకుతిని తూలిపోయే కొంగలు కూడా ఆ పెరటికే వస్తాయి. వాటిని ఆమె ఇంట్లో ఉంచుకోదు, ఉన్నపళంగా పశువుల ఆసుపత్రికి పరిగెత్తిస్తుంది. తనకు తెలిసిన పనేదో తెలియనిదేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెలిసిన పని, విరిగిన ఈకకు కొత్త ఈక అతకడం. ఆ పని ఆమెకు నేర్పిన గురువు లేడు. గొప్పలు చెప్పుకోవడం ఆమెకు చేతకాదు కనుక అది ఎలా మొదలైందో మరొకరు చెప్పాల్సి వస్తోంది.

ముందు ఆమె అసలు వృత్తి సంగతి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు చివర జానెడు పోగులు మిగులుస్తారు. కొత్త పడుగులోని పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. చీరకు మూడు వేల పైచిలుకు పోగులు. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలు కలిపి, ఒక్క మెలి. మళ్ళీ ఇంకోటి. ఈ పనికి వీధిలో చాలా ఇళ్ళవాళ్ళు కోటిరత్నాన్నే పిలిచేవారు. నేసినవాడి పేరు అడుగుతారు, అంచు ఎవరి చేతిదో అడుగుతారు, పడుగు అతికిందెవరని అడిగిన షావుకారు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. ఆమె దానికి ఎప్పుడూ బాధపడలేదు. అతుకు కంటికి కనబడిందంటే అతికినవాళ్ళకు సిగ్గుచేటని ఆమె నమ్మకం. ఆ లెక్కన తన పేరు ఎవరికీ తెలియకపోవడమే తన పనితనానికి గుర్తు అనుకునేది.

రెండు వేల ఒకటి ఏప్రిల్లో పెద్ద గాలివాన వచ్చి వీధి చివర కొబ్బరితోటలో నాలుగు చెట్లు కూలాయి. ఒక చెట్టు మీద గరుడపక్షుల గూడుంది. రెండు పిల్లల్లో ఒకటి అక్కడికక్కడే చచ్చిపోయింది. రెండోది మట్ట కింద దూరి అరుస్తోంది. తల తెల్లగా, ఒళ్ళు ఎర్రగా ఉండే తల్లిపక్షీ తండ్రిపక్షీ రెండు రోజులు పైన తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. పిల్ల మాత్రం మామూలు గద్దలాగా గోధుమరంగులో ఉంది. ఆ రెండూ పైన తిరగకపోతే అది గరుడపిల్లని ఎవరికీ తెలిసేది కాదు.

తెలిసిపోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. కోటిరత్నం అత్తగారు నాంచారమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆమెకు డెబ్భై ఏళ్ళు. శనివారాలు ఉపవాసం, రోజూ కొండ వైపు తిరిగి దణ్ణం, ఆ ఇంట్లో తాతల నాటి నుంచి నీచు వండింది లేదు. స్వామి వాహనం నడుచుకుంటూ తన గుమ్మానికి వచ్చినట్టే ఆమె అనుకుంది. పూజగది పక్కన పెద్ద గంప బోర్లించి దాన్ని లోపల పెట్టారు. వీధి వీధంతా వచ్చి కొబ్బరికాయలు కొట్టింది. ఒకరు అరటిపండు, ఒకరు పాలన్నం, కొండ మీది స్వామి తాగేది అదేగా అని ఇంకొకరు గ్లాసుడు పానకం. పిల్ల ఆకలికి కీచుకీచుమని అరిస్తే స్వామి దీవిస్తున్నాడని చెంపలేసుకున్నారు.

"చేపముక్క ఏమన్నా పెట్టి చూద్దామా అత్తయ్యా?" అని కోటిరత్నం మూడోరోజే అడిగింది.

"సాక్షాత్తూ నారాయణుడు కూర్చునేవాడికి నీచు పెడతావటే? నోరు కడుక్కో ముందు," అంది నాంచారమ్మ.

మూడు వారాలు పెరుగన్నం ముద్దలు నోట్లో కుక్కారు. మింగేది కాబట్టి బతికింది. రెక్కలు పెరిగే ఈడు కదా, ఈకలు వచ్చాయి గాని గంపలో రెక్క విదిలించినప్పుడల్లా పుల్ల విరిగినట్టు చప్పుడయ్యేది. పొద్దున గంప ఎత్తి ఊడుస్తుంటే చీపురుకు ఈకముక్కలు తగిలేవి. ఏడో ముక్క దొరికిన రోజున కోటిరత్నం చీపురు పక్కన పెట్టి, గంపతో సహా పిల్లను పెరట్లోకి మోసుకుపోయింది. సీతానగరం రేవులో చేపలు పట్టి సైకిల్ మీద అమ్ముకునే ఆదాం అప్పుడే సందులోంచి వెళుతున్నాడు. అతన్ని పిలిచింది.

ఆదాం పిల్లను చూసి నొచ్చుకున్నాడు. "మా రేవులో ఇవి చేపలూ ఎలకలూ తప్ప ఇంకోటి ముట్టవక్కా. దీనికి అన్నం పెట్టారా?"

నాలుగు చిన్నచేపలు తోక పట్టుకుని అందిస్తే నాలుగూ క్షణంలో మాయమయ్యాయి. వెనక గుమ్మంలో నాంచారమ్మ నిలబడి అంతా చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. రాత్రి కూడా ముట్టలేదు. కోడలు కంచం పట్టుకుని వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మీ చేతి పెరుగన్నం తిని స్వామి బక్కచిక్కిపోయాడు అత్తయ్యా. కొన్నాళ్ళు నా చేతి పాపం తిననివ్వండి. ఆ పాపమేదో నాకే చుట్టుకోనీండి."

మూడోరోజు పదిగంటలయ్యేసరికి నాంచారమ్మే గుమ్మంలోంచి కేక వేసింది. "ఏమే కోటీ, చేపలవాడు ఇంకా రాలేదే?"

ఒంటికి కండ పట్టింది. చూపు వచ్చింది. కానీ జూన్ నెల దాటినా పిల్ల అరుగు దాటి ఎగరలేకపోయింది. కోటిరత్నం భర్త చలమయ్య దాన్ని గుడ్డలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఆమె వెంట వెళ్ళింది. డాక్టరు గారు రెక్క విప్పి, ఈకల మీద అడ్డంగా ఉన్న సన్నటి గీతలు చూపించారు. ఈక పెరిగేటప్పుడు తిండి చాలకపోతే ఆ రోజుల గుర్తుగా ఇలా గీత పడుతుందనీ, సరిగ్గా అక్కడే విరుగుతుందనీ చెప్పారు. కుడి రెక్కలో నాలుగు, ఎడమ రెక్కలో మూడు, ఎగరడానికి ఆయువుపట్టులాంటి పెద్ద ఈకలే పోయాయి. మళ్ళీ కొత్తవి రావాలంటే వచ్చే ఏడాది పాతవి రాలినప్పుడే.

అటవీశాఖ రేంజరు గారికి డాక్టరే కబురు చేశారు, చేయాలి కూడా. ఆయన మర్యాదస్తుడు. ఇంట్లో ఇలాంటి పక్షిని పెట్టుకోకూడదమ్మా, డాక్టరు గారి కనుసన్నల్లో ఉంది కాబట్టి దసరా దాకా ఊరుకుంటాను అన్నాడు. అప్పటికి ఎగిరితే సరే సరి, లేకపోతే జూకి పంపించాలి. ఏడాదిపాటు బోనులో ఉన్నది ఆ తర్వాత బయట వేటాడి బతకడం కష్టం, ఇక అక్కడే ఉండిపోతుంది.

ఇంటికొచ్చి చలమయ్య ఆకలిగీతల సంగతి తల్లికి చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాడు. నాంచారమ్మ పూజగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కోడలితో ఒక్క మాటే అంది. "నా చేతులతో స్వామి రెక్కలు విరిచానే. నన్ను ఆ బోను చూడనివ్వకు."

కోటిరత్నం విరిగిన ఈకముక్కలను పారెయ్యలేదు, నూలుకండెల డబ్బాలో దాచింది. ఆ సాయంత్రం ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి చూసింది. కాడ లోపల బోలుగా ఉంది. మర్నాడు పనులు మానుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది.

"డాక్టరు గారూ, ఈకను కోస్తే దానికి నొప్పి తెలుస్తుందాండీ?"

"పెరగడం అయిపోయాక తెలీదమ్మా. మన గోరు లాంటిదే."

"అయితే అతకొచ్చుగా?"

డాక్టరు గారు నవ్వబోయి ఆగారు. ఎక్కడో దూరదేశాల్లో వేటడేగలకు అలా చేస్తారని చదివాను గాని కళ్ళతో చూడలేదు, అన్నారు. "ఈకకు ఈకే కావాలి. అదే జాతిది, అదే కొలతది, కుడివైపుకు కుడివైపుదే. ఎక్కడినుంచి తెస్తావు?"

ఎక్కడినుంచో ఆమెకు తెలుసు. నేతవీధుల్లో గరుడ ఈక దొరికితే ఎవరూ వదలరు, పసుపు రాసి దేవుడి అరలో పెట్టుకుంటారు. ఆమె ఇంటింటికీ తిరిగింది. పడుగులు అతకడానికి ఆ ఇళ్ళన్నీ ఎరిగినవే కనుక లోపలికి రానిచ్చారు. ఇవ్వడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు. స్వామి రెక్కకే పెడతానంటే కాదనలేక తీసి ఇచ్చారు. తీరా చూస్తే పురుగు కొట్టినవి కొన్ని, కుంకుమ పట్టి అట్టకట్టినవి కొన్ని. చాలావరకు అసలు గరుడ ఈకలే కావు. రాఘవమ్మ గారింట్లో పదిహేనేళ్ళుగా హారతి అందుకుంటున్నది కోడిపుంజు తోక. కోటిరత్నం దాన్ని కళ్ళకద్దుకుని ఉన్నచోటే పెట్టేసి వచ్చింది. ఒకరి నమ్మకాన్ని ఊరికే చెడగొట్టడం ఆమెకు ఇష్టం లేని పని.

ఇరవై మూడు ఇళ్ళు తిరిగితే పనికొచ్చేవి నాలుగు దొరికాయి. ఆదాం రేవు వెంబడి వెతికి ఇంకో రెండు తెచ్చాడు. పెద్దపక్షుల ఈకలు కాబట్టి ఆరూ ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. ఏడోది దొరకలేదు.

నాంచారమ్మ తన అరలో ఉన్న ఈక తీసి కోడలి చేతిలో పెట్టింది. తన పెళ్ళయిన కొత్తలో మామగారు కొండమెట్ల మీద ఏరి ఇచ్చినదట, యాభై ఏళ్ళు దాటి ఆమె దానికే దణ్ణం పెడుతోంది. కోటిరత్నం దాన్ని పక్షి రెక్క పక్కన ఆనించి చూసింది. కొలత ఇంచుమించు సరిపోతుంది. వైపు సరిపోతుంది. కానీ అది గద్ద ఈక. నలుపు తిరిగిన గోధుమరంగులో, ఏ వీధిలోనైనా తిరిగే మామూలు గద్దది. రాఘవమ్మ గారి దగ్గర నోరు మూసుకున్నట్టు ఇక్కడ మూసుకోవడం కుదరలేదు.

"అత్తయ్యా, ఇది గరుడది కాదండీ. గద్దది."

నాంచారమ్మ దాన్ని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "యాభై ఏళ్ళు దణ్ణం పెట్టించుకుంది. ఇంకా గద్దదేనా? పెట్టవే నువ్వు," అంది.

పాత వెదురు అచ్చు ఒకటి అటక మీద ఉంది, చలమయ్య తండ్రి నేసిన కాలం నాటిది. ఇనుప అచ్చులు వచ్చాక దాని పని పోయింది. అందులో పడుగు పోగులను విడదీసే సన్నటి వెదురుపుల్లలు వందలకొద్దీ ఉంటాయి. గుండ్రటి పుల్ల అయితే కాడలో ఈక గిర్రున తిరుగుతుంది. అచ్చుపుల్ల బల్లపరుపుగా ఉంటుంది, తిరగదు. ఆమె ఒక్కో పుల్లను బ్లేడుతో చెక్కి, సగం పక్షి కాడలోకి, సగం కొత్త ఈక కాడలోకి దూర్చింది. చలమయ్య పక్షి తల మీద గుడ్డ కప్పి ఒళ్ళో పట్టుకున్నాడు. జిగురుకు తుమ్మబంక వాడింది. చీరల గంజిలో, కాగితాల అతుకులో దాన్ని మించింది లేదని ఆమె లెక్క.

పొరపాటు అక్కడ జరిగింది. రెండోరోజు పక్షి నూలు నానబెట్టే తొట్టిలో దిగి హాయిగా స్నానం చేసింది. బంక నానింది. ఏడు ఈకలూ నీళ్ళ మీద తేలాయి. పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు, అసలు అనుంటే నయం. అతుకుల కోటిరత్నం అతుకు ఊడిందట అని వీధి మొత్తం మెల్లగా అనుకుంది. ఆమె ఆ మాట విని పడుగులు అతకడం మొదలుపెట్టిన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి అన్నం సహించక లేచిపోయింది.

రెండోసారి సైకిల్ షాపు అతను చెప్పిన, రెండు గొట్టాల్లోంచి కలిపే గట్టిజిగురు వాడింది. అది ఆరడానికి పక్షిని రెండు గంటలు కదలనివ్వకూడదు. చలమయ్యకు కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే నాంచారమ్మ పక్కన కూర్చుని విసనకర్ర విసిరింది, ఎవరికి విసురుతోందో ఆమెకే తెలియాలి. మర్నాడు పక్షిని కావాలనే తొట్టిలో దించారు. ముగ్గురూ తొట్టి మీదికి వంగి చూశారు. ఒక్కటీ కదలలేదు.

తర్వాత ఎగరడం నేర్పాలి. నేతవీధికి ఒక సౌకర్యముంది. పడుగులు చాచి గంజి పెట్టడానికి నడిమధ్యన అడ్డులేని నిడుపాటి బాట ఉంటుంది. పొద్దున పడుగులు, పది దాటాక పక్షి. కాలికి మెత్తటి గుడ్డచుట్టి నూలుతాడు కట్టి, ఒక కొసన చలమయ్య వదిలితే ఇంకో కొసన కోటిరత్నం చేప చూపించేది. మొదటిరోజు పది అడుగులు. వారానికి ముప్పై. తర్వాత తాడు సరిపోక రెండు తాళ్ళు ముడేశారు. మచ్చికైతే మనిషి చేతిలోనే పోతుందని డాక్టరు గారు చెప్పారు కనుక ఎవరూ దాన్ని పిలవకూడదు, ముట్టకూడదు. నాంచారమ్మకు ఇది పెద్ద శిక్ష. దూరంగా అరుగు మీద కూర్చుని నోట్లోనే గొణుక్కునేది. తొట్టిలో బతికున్న చేపలు వదిలితే పక్షి దూకి పట్టడం నేర్చుకున్నాక, ఆ ఇంటి నూలుకు నెలరోజులు నీచువాసన పోలేదు.

విజయదశమి ముందురోజు రేంజరు గారు జీపులో వచ్చి, అందర్నీ ఎక్కించుకుని సీతానగరం రేవుకు తీసుకెళ్ళాడు. కృష్ణ నిండుగా పారుతోంది. పైన నాలుగైదు గరుడపక్షులు తిరుగుతున్నాయి. కోటిరత్నం తాడు విప్పి, పక్షిని ఆదాం పడవ అంచు మీద పెట్టి వెనక్కి వచ్చింది. అది కాసేపు తల అటూ ఇటూ తిప్పింది. ఈకలు సర్దుకుంది. తర్వాత లేచింది.

నీళ్ళ మీదుగా నేరుగా వెళ్ళి, గాలి దొరకగానే మలుపు తిరిగి పైకి లేచింది. ఎండ రెక్కల మీద పడేసరికి గోధుమరంగు రెక్కల్లో ఎర్రటి ఈకలు ఆరూ కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా చేతులడ్డం పెట్టుకుని చూశారు. కోటిరత్నానికి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళుగా కనబడకుండా అతికిన మనిషి, ఆకాశంలో ఊరంతటికీ కనబడేలా అతికింది. ఏడింట్లో కలిసిపోయింది అత్తగారి నల్లఈక ఒక్కటే.

"అది మాత్రమేనండీ కుదురుగా కుదిరింది," అంది సిగ్గుపడుతూ.

"ఎవరమ్మా అతికింది? హైదరాబాదు డాక్టర్లెవరన్నా వచ్చారా?" అన్నాడు రేంజరు.

కోటిరత్నం నోరు తెరిచేలోపే నాంచారమ్మ ముందుకొచ్చింది. "మా కోడలండీ. పడుగులు అతుకుతుంది. మంగళగిరిలో చీర కట్టినవాళ్ళంతా దాని చేతి మీదుగా వచ్చిన పోగే కట్టారు. అడిగినవాళ్ళు లేరు గాని."

ఆ మాటకు కోటిరత్నం కళ్ళు తుడుచుకుంది. పక్షి కోసమని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అదే అంది.

ఆ తర్వాత ఆరేడు నెలలు ఆదాం చేపలతోపాటు కబుర్లు తెచ్చేవాడు. ఎర్రచారల పక్షి నిన్న రేవులో కనబడిందనీ, ఇవాళ ఇంకో పక్షి నోటి దగ్గరి చేప లాక్కుందనీ. నడివేసవిలో కనబడటం మానేసింది. ఇరవై రోజులు ఏ కబురూ లేదు. నాంచారమ్మ రోజూ సైకిల్ గంట వినగానే వాకిట్లోకి వచ్చి, అతని ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయేది.

జూన్ మొదటివారంలో ఒక పొద్దున ఆదాం చేపలబుట్ట దించకుండానే జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో ఒక నల్లఈక. కాడ మధ్యన గోరంత మేర జిగురు మెరుస్తోంది.

"రేవు ఇసకలో దొరికింది. మనదేనక్కా," అన్నాడు మెల్లగా. "ఊడిపోయింది."

నాంచారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. కోటిరత్నం ఈకను అందుకుని, పోగు గట్టిదనం చూసినట్టు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని లాగింది. మెలిపెట్టింది. మళ్ళీ లాగింది. రాలేదు. పైది గద్ద ఈక, కిందిది స్వామి సొంత కాడ, మొదలుదాకా చెక్కుచెదరకుండా ఉంది. విరిగితే మధ్యలో విరగాలి, ఊడితే జిగురు దగ్గర ఊడాలి. మొదలుతో సహా రాలిందంటే కింద కొత్తది మొలిచి పాతదాన్ని నెట్టేసిందని, పెద్దపక్షి రంగు వచ్చేసరికి ఎర్రచారలు కూడా కలిసిపోతాయని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇన్నాళ్ళూ ఈ ఈకతో ఎగిరి, వేటాడి, తిని, వాడు ఇప్పుడు తన రెక్కలు తాను పెంచుకుంటున్నాడు.

"ఊడింది ఈక," అంది కోటిరత్నం. దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. "నా అతుకు ఊడలేదు, చూడండి."

నాంచారమ్మ ఈకకు ఇసక తుడిచి, పసుపు రాసి, దేవుడి అరలో పాతచోటే పెట్టింది.